నడిచేవాళ్ల లెక్క

అడవిలో కొత్తగా కాయగూరల సంత వెలిసింది. దాని ముందు నుంచే దున్నలు పరుగెత్తే బాట పోతుంది. బాటకు ఇవతల ఉండే తాబేళ్లు సంతకు వెళ్లలేక, తిండి లేక చిక్కిపోతున్నాయి.

"బాట కింద మాకో సొరంగం తవ్వించండి" అని ముసలి తాబేలు దున్నల పెద్దను అడిగింది.

"నడిచేవాళ్లదే తొలి హక్కు! అది మా నినాదమే కదా, అవ్వా" అంది దున్న. ఎందరు నడిచి దాటుతున్నారో రాయమని కుందేలుకు పుస్తకమిచ్చి బాట పక్కన కూర్చోబెట్టింది.

మూడు రోజులయ్యాక కుందేలు వచ్చి, "ఒక్కరూ దాటలేదండీ" అని చెప్పింది.

"విన్నావా అవ్వా? దాటేవాళ్లే లేనప్పుడు సొరంగం ఎవరికి?"

"తొక్కేస్తారనే కదా నాయనా, దాటనిది!"

"భయాన్ని లెక్కలో ఎలా రాస్తాం? దాటి చూపించు, రాసుకుంటాం."

తాబేలు మెడ చాచి బాట మీదికి నడిచింది. సరిగ్గా నడిమికి చేరేసరికి దున్నల మంద వచ్చింది. ఆగకుండా పోయింది.

దుమ్ము అణిగాక కుందేలు పుస్తకం తెరిచింది. అబద్ధం రాయకూడదు కనుక, కాసేపు ఆలోచించి, "అర" అని రాసింది.