రెండు గంటల బ్యాటరీ

“రెండు గంటలొచ్చేదాన్ని ఏం చేసుకుంటావు? ఐదు గంటలొచ్చేది పక్కనే ఉందిగా!”

టైమ్‌కీపర్ గొంతు షాపంతా వినబడింది. బస్సు డిపోలో రిటైరై ఆరేళ్ళయినా ఆయన్ని అందరూ ఇంకా అలాగే పిలుస్తారు.

“నాకు చిన్నదే కావాలండీ,” అంది ఆయన భార్య.

బల్ల మీద రెండు ఆక్సిజన్ మెషిన్లున్నాయి. ఒకటి చేతిసంచంత, ఒకటి టిఫిన్ డబ్బా అంత. రెండూ భుజానికి తగిలించుకు తిరిగేవే. ఇంట్లో ఉన్నది అలాంటిది కాదు. గోడ దగ్గర కట్టేసిన గేదెలా ఒకే చోట నిలబడి రొప్పుతూంటుంది. దాని గొట్టం ఎంతవరకు సాగితే అంతవరకే ఆమె నడక. పదకొండు నెలలుగా వంటింటి గడపే పొలిమేర. ఇవాళ అద్దె సిలిండర్‌ను ఆటోలో పెట్టుకుని షాపు దాకా రాగలిగింది గానీ, దాంతో మేడ మీదున్న అక్క ఇంటికి వెళ్ళడం కుదరదు. మోకాళ్ళు పట్టేసిన అక్క దిగి రాలేదు. ఇద్దరికీ ఇక మిగిలింది ఫోనే.

“ఇందులో గాలి నింపి ఉండదు సార్,” అంది షాపావిడ. “బయటి గాలిలోంచే ఆక్సిజన్ తీసి ఇస్తుంది. అమ్మగారు ముక్కుతో పీల్చినప్పుడల్లా ఒక్కో మోతాదు వదుల్తుంది. ఇంట్లో మెషిన్ రెండో నంబరు మీద ఉందని ఇందులోనూ రెండు సరిపోతుందనుకోకండి. నడిపించి, వేలికి ఆక్సిజన్ మీటర్ పెట్టి చూసుకోవాలి.”

“డాక్టర్ తొంభైకి తగ్గకూడదన్నాడు.”

“తగ్గితే చిన్నది నేనే అమ్మను సార్.”

“బరువెంతమ్మా?” అడిగింది ఆమె.

“పెద్దది మూడు కిలోలకి కాస్త తక్కువ. చిన్నది కిలోన్నర.”

“విన్నారా? మోసేది నేను.”

“నేను మోస్తాలే.”

“నా ముక్కు గొట్టం పట్టుకుని నా వెనకాలే తిరుగుతారా?”

“ముప్పై ఎనిమిదేళ్ళుగా చేస్తోంది అదేగా!”

షాపావిడ నవ్వాపుకుంది. ఆమె మాత్రం నవ్వలేదు. బరువు మాట ఒట్టి సాకు. ఆయన లెక్క ఆమెకి నిన్ననే తెలిసిపోయింది. ఆదివారం పదింటికి ఆటో. పదకొండుకి అక్క ఇల్లు. పన్నెండింటికి మళ్ళీ ఆటో. గంట! అక్క మోకాళ్ళ కథకే ఆ గంట చాలదు. పెద్ద మెషిన్ కొంటే ఆ టైమ్‌టేబుల్ ఇక మారదు. చిన్నదైతే పన్నెండయ్యేసరికి బ్యాటరీ ఖాళీ. మళ్ళీ నిండడానికి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ మెషిన్ ప్లగ్గులోనే ఉండి పనిచేస్తుంది, ఆమె అక్క పక్కనే ఉంటుంది. ఈ సంగతి ఆయన ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్ళినప్పుడు షాపావిడని మెల్లగా అడిగి తెలుసుకుంది.

చిన్న మెషిన్ తగిలించుకుని షాపు వరండాలో నాలుగుసార్లు అటూ ఇటూ నడిచింది. తొంభైమూడు.

“మెట్లెక్కించండి,” అన్నాడు టైమ్‌కీపర్. “వాళ్ళక్క ఇంటికి పద్దెనిమిది మెట్లు.”

ఆమె వరండా చివరి మెట్లు రెయిలింగ్ పట్టుకుని ఎక్కింది. మాట్లాడకుండా, నోరు మూసుకుని, ముక్కుతోనే గాలి లాగుతూ. ఇంత శ్రద్ధగా ఆవిడ ఎప్పుడూ నోరు మూసుకోలేదని ఆయన షాపావిడతో అన్నాడు. పద్దెనిమిదో మెట్టు మీద తొంభై ఒకటి.

“ఇంకోసారి చూద్దాం. కాసేపు కూర్చోనివ్వండి ముందు,” అంది షాపావిడ.

రెండోసారి తొంభైరెండు.

టైమ్‌కీపర్ రెండు మెషిన్ల వంకా మార్చి మార్చి చూశాడు. “సరే, నీ పంతమే నెగ్గనీ,” అన్నాడు. ఆమెని ఆటోలో కూర్చోబెట్టి, బిల్లు కట్టడానికి లోపలికి వెళ్ళాడు.

ఆదివారం సరిగ్గా పదకొండుకి అక్క తలుపు తీసింది. చెల్లెలి చెంపలు రెండూ అరచేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

“ఎంత చిక్కిపోయావే! ఆ ఫుస్ ఫుస్ ఏమిటి? సంచిలో పిల్లిని పెట్టుకొచ్చావా?”

“దాని సంగతి తర్వాత. ముందు నీ మోకాళ్ళ సంగతి చెప్పు.”

ఒకే మంచం మీద చేరారు. టైమ్‌కీపర్ కుర్చీలో కూర్చుని పేపర్ తిరగేశాడు. గోడ మీద ప్లగ్గు చేతికందేంత దూరంలోనే ఉంది. ఆమె అటువైపు చూడనైనా చూడలేదు.

పన్నెండు కావస్తుండగా మెషిన్ కీచుమంది. ఆయన వాచీ చూసుకున్నాడు.

“అయ్యో, రాగానే చార్జింగ్ పెట్టడం మర్చిపోయానండీ,” అంది తలెత్తకుండా. “ఇప్పుడు పెడితే నాలుగు గంటలు పడుతుందట.”

తిట్లకి సిద్ధపడింది.

“నాలుగు గంటలా?” ఆయన పేపర్ మడిచాడు. “ఏం చేస్తాం మరి. ఖాళీ బ్యాటరీతో రోడ్డెక్కుతామా?” తన సంచిలోంచి వైరు తీసి, తనే ప్లగ్గులో పెట్టి, మెషిన్ పనిచేస్తోందో లేదో వంగి చెవి పెట్టి విన్నాడు. “కాసేపు నడుం వాలుస్తాను. మీరు కానివ్వండి,” అంటూ ముందు గదిలోకి వెళ్ళిపోయాడు.

అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని, చిన్నపిల్లల్లా నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

“టైమ్‌కీపర్‌కే టైమ్ తప్పించావు కదే!” అంది అక్క.

రెండింటికి, ఆయన మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్ర గుర్తొచ్చి, కుర్చీకి తగిలించిన ఆయన సంచిలో చెయ్యి పెట్టింది. అడుగున టవల్ మడతలో గట్టిగా ఏదో తగిలింది.

తన మెషిన్‌లో ఉన్నటువంటిదే, మార్చి పెట్టుకునే రెండో బ్యాటరీ. చార్జి ఎంతుందో చూపే మీట నొక్కింది. నాలుగు దీపాలూ పచ్చగా వెలిగాయి.