ముందు పలక

"తీసెయ్. ఈ అట్టముక్కల గోల ఇప్పుడే, ఈ క్షణమే తీసెయ్!"

ప్రిన్సిపాల్ అరుపుకి డిజైన్ క్లాసు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. తనిఖీ వాళ్ళు పక్క గదిలోనే ఉన్నారు. ఇంకో పది నిమిషాల్లో ఇక్కడికొస్తారు. గది పొడవునా బల్లల మీద శిల్పాలున్నాయి. చదునైన పలకల్ని ఒకదాని వెనక ఒకటిగా నిలబెట్టి కట్టినవి. అన్నీ తెల్లగా, నున్నగా, ఇస్త్రీ చేసిన చొక్కాల్లా ఉన్నాయి. ఒక్కటి మాత్రం మట్టిరంగులో ఉంది. వాడి పారేసిన అట్టపెట్టెల్ని విప్పి, చేత్తో కోసి చేసింది. అంచులు ఎలుక కొరికినట్టున్నాయి.

"తీయను సార్," అంది కత్తెర. అది ఆ అమ్మాయి పేరు కాదు. నోరు అలాంటిది కాబట్టి క్లాసంతా అలా పిలుస్తారు.

"ఏంటీ?"

"తీయనంటున్నా. మార్కుల పని ఇది."

"దీన్ని శిల్పం అంటారా? అసలు దేనిలా ఉంది ఇది?"

"దేనిలాగా ఉండకూడదనే కదా సార్ పాఠం! దేనిలా ఉన్నా సున్నా వేస్తామన్నారు."

వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. డిజైన్ మేష్టారు చొక్కా గుండీ తిప్పుకుంటూ ముందుకొచ్చాడు.

"చెప్పినట్టే చేసిందండీ. జిగురు లేదు, మేకు లేదు. అడుగు చెక్కలో గాట్లు పెట్టి పదకొండు పలకలూ ఒకదాని వీపుకి ఒకటి ఆనేలా దించింది. అంచులు కొంచెం మోటుగా వచ్చాయి గానీ..."

"మీరాగండి మేష్టారూ! వీళ్ళని నెత్తికెక్కించుకున్నదే మీరు. ఏం, అందరిలాగా మిషన్ మీద కోయించుకోడానికి ఏం రోగం?"

"అందరూ పోయిన నెలే కోయించుకున్నారు సార్, అప్పటికి కోసే మనిషి ఉన్నాడు," అంది కత్తెర. "ఇప్పుడెవరు కోస్తారు? మిషన్ బాబాయికి రెండు వేళ్ళు పోయాయి. ఆ కట్టు విప్పకముందే ఉద్యోగమూ పోయింది."

పలకలు కోసే మిషన్ నడిపేవాడు మిషన్ బాబాయి. క్లాసులో అందరికీ బాబాయే.

"అది వాడి అజాగ్రత్త. బ్లేడు మీద రేకు మూత ఎవడు తీయమన్నాడు వాణ్ణి?"

"మీరే. 'మూత ఉంటే పని నత్తలా సాగుతోంది, పీకి పారెయ్' అన్నారు. నేనక్కడే ఉన్నా."

"కాగితం ఉందా? సంతకం ఉందా?"

"మీ మాటకి కాగితం ఎక్కడిది సార్! బాబాయి వేళ్ళకే ఉంది, ఆస్పత్రి కాగితం."

ప్రిన్సిపాల్ మెడ నరాలు ఉబ్బాయి. "తనిఖీ వాళ్ళ ముందు ఆ మిషన్ ఊసెత్తావో, నీ పేరు కొట్టేస్తా. సాయంత్రానికి హాస్టల్ ఖాళీ చెయ్యాల్సిందే."

"కొట్టేయండి. మా అమ్మ అట్టపెట్టెలకి పిన్నులు కొడుతుంది. ఆవిడ పక్కన ఒక స్టూలు ఖాళీగానే ఉంది."

"అమ్మాయ్, నీకు దణ్ణం పెడతా, తీసెయ్యమ్మా," అన్నాడు మేష్టారు, గొంతు తగ్గించి.

"మీకూ పదివేళ్ళున్నాయిగా మేష్టారూ. మీరు తీయండి."

మేష్టారు చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు వెనక్కేశాడు.

ఆ నెలలో బాబాయిని మళ్ళీ పనిలోకి తీసుకోమంటూ గోడల మీద నాలుగుసార్లు పోస్టర్లు పడ్డాయి. నాలుగుసార్లూ ప్రిన్సిపాలే చించాడు. ప్యూన్‌ని పిలవడు. కంటికి నచ్చనిదాన్ని తన చేత్తో పీకితేగానీ ఆయనకి తిన్నది అరగదు. ఆ తర్వాత గేటు దగ్గర అందరి సంచులూ వెతికించడం మొదలుపెట్టాడు. రాసిన కాగితం ముక్క ఒక్కటి లోపలికి రావడానికి లేదు. అట్టపెట్టెలు మాత్రం వచ్చేవి. క్లాసు పని కదా!

"ఆఖరిసారి చెప్తున్నా. తీస్తావా, తీయవా?"

కత్తెర బల్ల చుట్టూ తిరిగి అవతలికెళ్ళి, మిగతా పిల్లల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

"నా చేత్తో చేసింది నా చేత్తో చెడగొట్టను. మీకంత కంపరంగా ఉంటే మీరే పీకండి సార్."

"పీకనా? నాకేమన్నా భయమా?"

అన్నిటికన్నా ముందున్న పెద్ద పలకని ప్రిన్సిపాల్ రెండు చేతులా పట్టి పైకి లాగాడు. జిగురు లేదు కదా, సబ్బుబిళ్ళలా జారి చేతుల్లోకి వచ్చేసింది. బల్లకి అవతలున్న పిల్లలందరి కళ్ళూ ఒక్కసారిగా ఆ పలక మీద పడ్డాయి. మేష్టారు దగ్గొచ్చినట్టు మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం, ఇప్పుడు మాటలు పడిపోయాయా అందరికీ?" అన్నాడు ప్రిన్సిపాల్.

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. తనిఖీ వాళ్ళు నలుగురు. ముందు కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. ప్రిన్సిపాల్ పట్టిన పలకని పట్టినట్టే గుండెకి ఆనించుకుని వాళ్ళవైపు తిరిగాడు. ఆయన వైపు కనిపించేది వట్టి అట్ట.

"రండి మేడమ్, రండి! ఒక మొండిఘటం చేసిన చెత్త, తీసేస్తున్నా. మా కాలేజీలో ప్రతిదీ నా చేతుల మీదుగానే జరగాలండీ. చిన్న పని కూడా ఇంకొకళ్ళకి వదలను."

"కనిపిస్తోంది," అంది పెద్దావిడ. కళ్ళజోడు సర్దుకుని, పలక లోపలివైపు ఎర్రరంగుతో రాసి ఉన్నదాన్ని గదంతా వినేలా చదివింది:

"'బ్లేడు మీద రేకు మూత తీయించింది నేనే. వేళ్ళు తెగాక మిషన్ బాబాయిని పనిలోంచి పీకేసిందీ నేనే.'"