జాలీ కింది జుట్టు

దారం వ్యాపారం నాది. కండె చేతికిస్తే, విప్పకుండానే ఎంత దారం మిగిలిందో చెప్పేస్తాను.

కొత్తగా కట్టిన ఈ ఇంట్లో మాకంటే ముందు ఎవరూ కాపురం లేరు. ఉండేది మేమిద్దరమే, నాది బట్టతల. ఆ రాత్రి షవర్ కింద నీళ్లు నిలిచిపోతే జాలీ ఊడదీసి, కొస వంచిన తీగను గొట్టంలోకి దించాను.

"పొద్దున ప్లంబర్ వస్తాడుగా, మీకెందుకండీ ఆ పని?" అంది మా ఆవిడ తలుపు అవతలి నుంచి.

"నీ జుట్టు తియ్యడానికి ఇంకొకడెందుకు?"

"ఉన్నవాళ్లకేగా ఊడేది!"

నవ్వుకుంటూ లాగాను. నల్లటి వెంట్రుకలు తాడులా పేనుకుని మూరెడు వచ్చాయి. ఆమె జుట్టే, అవే నొక్కులు. ఆ తర్వాత నెరిసినవి వచ్చాయి. వాటికీ అవే నొక్కులు. మా ఆవిడకు ఇంకా ఒక్క వెంట్రుకా నెరవలేదు. మరికాస్త లాగితే తెల్లనివి మొదలయ్యాయి.

ఆమె ముందు ముందు బతకబోయే ఏళ్లన్నీ వరసగా నా చేతిలోకి వస్తున్నాయనిపించింది. తనతో తీరిగ్గా గడపాల్సిన రోజులను నేనెప్పుడూ తర్వాతకే వాయిదా వేశాను. అలవాటుకొద్దీ చెయ్యి బరువు చూసింది. లోపల మిగిలింది జానెడే.

తీగ వదిలేశాను.

"ఆపేశారేం? అంతా వచ్చేసిందా?"

"లేదు. ఇంకా చాలా ఉంది," అన్నాను.

కిందికి చూశాను. నేను లాగడం లేదు. తెల్లటి వెంట్రుకలు మాత్రం చప్పుడు లేకుండా, మెల్లగా పైకి వస్తూనే ఉన్నాయి.