కండ పెరగని బలం

"ఆ ఇనుము జోలికి పోవద్దని చెప్పానా లేదా?" వార్డ్ గొంతు తగ్గించాడు కానీ కోపం తగ్గించలేదు.

తూకం వరసలో అతని కూతురు బ్రిన్ ముందు ఇంకా ఇద్దరే ఉన్నారు. అయోవా రాష్ట్ర అమ్మాయిల కుస్తీ పోటీలు ఆ రోజే. తూకంలో నూట ఇరవై పౌండ్లు దాటితే పై విభాగంలో ఆడాలి. పై విభాగమంటే జోలీన్ ష్రోడర్. రెండేళ్లుగా ఆమె వీపును నేలకు ఆనించినవాళ్లు లేరు. ఒక్కో విభాగంలో గెలిచిన పిల్లకు కాలేజీ జట్టులో చోటు, ఫీజు లేని చదువు. ఆ కాలేజీ కోచ్ అప్పుడే గ్యాలరీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"మొన్న కూడా ఎత్తింది. నేనే ఎత్తించాను," అంది బ్రిన్ కోచ్ పెగ్, తాపీగా.

"పోటీల ముందా! బరువులెత్తితే కండ రాదా? కండ వస్తే తూగదా? నా గొడ్లను చూసి చెప్తున్నా పెగ్."

"నీ గొడ్లు పొద్దస్తమానం మేస్తాయి, అందుకే బలుస్తాయి. నీ కూతురు మేయట్లేదుగా."

వెనకున్న ఎవరో తల్లి పక్కున నవ్వింది. వార్డ్ చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వులాట కాదిది."

"నేనూ నవ్వట్లేదు. కండ పెంచాలంటే ఓ మాదిరి బరువును ఒళ్లు మండేదాకా పదేపదే ఎత్తాలి. ఆపైన కడుపు పగిలేలా తినాలి. మేం చేసేది అది కాదు. బాగా బరువైనది, రెండు మూడుసార్లు, అంతే. తర్వాత కూర్చుని కబుర్లు. ఒళ్లు పూర్తిగా తేరుకున్నాకే మళ్లీ బరువుల బార్ పట్టుకోవడం. ఉన్న కండనంతా ఒక్కసారిగా పనిలోకి దింపడం నరాలకు నేర్పుతున్నాం. కొత్త కూలీలను పెట్టుకోవట్లేదయ్యా, ఉన్నవాళ్లను నిద్ర లేపుతున్నాం."

"దాని మెడ చూడు మరి! ఎంత లావైందో."

"అది నీ కోటు కాలరు నాన్నా," అంది బ్రిన్.

పెగ్ మాట మీద ఆమెకు నమ్మకముంది. అయినా పొద్దున అద్దం ముందు భుజాలు చూసుకుంది. కాస్త పక్కకు తిరిగి మళ్లీ చూసుకుంది. జోలీన్ చేతికి చిక్కితే కాలేజీ మాట మరిచిపోవచ్చు.

"తర్వాత ఎవరు?"

బ్రిన్ కోటు విప్పి తండ్రి చేతిలో పెట్టింది. ఊపిరి బిగబట్టి తూకం ఎక్కింది. అంకెలు పైకి పరిగెత్తాయి, కిందికి జారాయి, తటపటాయించి ఆగాయి.

"నూట పంతొమ్మిదిన్నర. దిగమ్మా."

వార్డ్ ఆ అంకెల వైపు అనుమానంగా చూశాడు. "ఆ మిషను సరిగ్గానే పని చేస్తోందా?"

"నీ నోటికన్నా బాగానే," అంటూ పెగ్ అతని రెక్క పట్టుకుని కాఫీ వైపు లాక్కుపోయింది.

బ్రిన్ గోడవార బల్ల మీద కూలబడింది. మనసు దూదిపింజలా ఉంది. సంచీలోంచి వేరుశనగ వెన్న రాసిన రొట్టె తీసి ఒక్క కొరుకు కొరికిందో లేదో, పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు.

"నాకూ ఓ ముక్క పెడతావా? నా తిండి మా అమ్మ దగ్గరుంది, ఆవిడ ఎక్కడుందో తెలీదు."

బుగ్గలు పీక్కుపోయాయి. అయినా ఆ ముఖాన్ని బ్రిన్ వెంటనే గుర్తుపట్టింది. కిందటేడు గ్యాలరీలోంచి కళ్లార్పకుండా చూసిన ముఖమే అది.

"జోలీన్ ష్రోడర్! నీ తూకం అవతలి వరసలో కదా?"

"ఈసారి ఇక్కడే. నూట ఇరవైలోనే ఆడుతున్నా. ఇప్పుడే తూగొచ్చా."

రొట్టె బ్రిన్ గొంతులో అడ్డం పడింది. దగ్గు ఆపుకుని ఎలాగో అడిగింది. "పై విభాగంలో నీకు ఎదురే లేదుగా! ఎందుకు దిగావు?"

జోలీన్ దగ్గరికి జరిగింది. "ఎవరికీ చెప్పకు. దాణా కొట్లో ఒకాయన గొప్పలు చెప్తుంటే మా నాన్న విన్నాడు. వాళ్లమ్మాయి తన బరువుకు రెండింతలు నేల మీంచి లేపుతుందట! అంత ఎత్తే పిల్ల ఈపాటికి ఎద్దులా తయారై ఉండదూ? తిన్నగా నా విభాగంలోకే వస్తుంది. దాని చేతిలో పడేకన్నా ఆకలితో మాడడమే నయమని నెల్లాళ్లు కడుపు కట్టుకుని దిగాను."

రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, భయంభయంగా హాలంతా కలయజూసింది.

"పేరు బ్రిన్ అట. నీకెక్కడైనా కనబడిందా?"