పైగది నుంచి ‘సరే’

“వేలిముద్ర అడిగే సాఫ్ట్‌వేర్ మనకొద్దు” అంది అక్క.

మేనల్లుడికి ఒళ్లు మండింది.

పంపుల ఫ్యాక్టరీలో డ్రాయింగుల విభాగం అతనిది. ఫ్యాక్టరీ మేనమామది. అందుకని అక్కడ అందరికీ అతను మేనల్లుడే. అసలు పేరుతో పిలిచేది జీతం చీటీ ఒక్కటే. అక్క అంటే తోడబుట్టినది కాదు, మామయ్య పెద్దకోడలు. పెద్దబావ పోయాక ఆయన కుర్చీలో కూర్చుని లెక్కలూ కొనుగోళ్లూ చూస్తోంది.

కొత్త సాఫ్ట్‌వేర్ కావాలని పట్టుబట్టింది మేనల్లుడే. పంపు కాగితం మీద మొదటి గీతగా పుట్టిన దగ్గర్నుంచి తుక్కు సామానులో కలిసేదాకా దాని సంగతులన్నీ ఒక్కచోట ఉంచే సాఫ్ట్‌వేర్ అది. ఏ డ్రాయింగు తాజాది, మార్పు ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎవరు ఒప్పుకున్నారు, అడగ్గానే చెబుతుంది. అది లేకే కిందటి నెల పాత డ్రాయింగు చూసి లారీడు షాఫ్టులు తప్పుడు కొలతకి కోసిపారేశారు.

మూడు కంపెనీల వాళ్లు వచ్చి చూపించారు. మొదటిది చవక. డ్రాయింగులు దాచడం తప్ప దానికింకేమీ చేతకాదు. ఆ మాత్రానికి బీరువా చాలు. రెండోది పాస్‌వర్డ్ కొడితే మార్పుకి ఒప్పుకుంటుంది. మూడోది వేలిముద్ర పడందే దేన్నీ కదలనివ్వదు. ఒకరి బదులు ఇంకొకరు ‘సరే’ అనడానికి వీల్లేదు. మేనల్లుడి మనసు దానిమీదే పడింది.

“మామయ్య వేళ్లు అరిగిపోయాయి తమ్ముడూ. ఇన్నేళ్లూ ఇనుముతో కుస్తీ పట్టిన చేతులు. ముద్ర పడదు.”

“పర్లేదు మేడమ్, ముఖం చూపించినా చాలు” అన్నాడు సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినతను.

అక్క ముఖం పాలిపోయింది. “రెండోదే తీసుకుందాం” అని లేచి వెళ్లిపోయింది.

వేసవిలో జబ్బు చేసినప్పటి నుంచీ మామయ్య ఆఫీసు మేడమీది గది దిగడం లేదు. మనుషుల గాలి సోకకూడదన్నాడట డాక్టరు. తిండీ మందులూ అక్కే పట్టుకెళ్తుంది. డ్రాయింగులు మాత్రం ఫోన్లో పైకి వెళ్తాయి. ‘సరే’తోనో తిట్టుతోనో కిందికి వస్తాయి. ఒళ్లు తగ్గినా మామయ్య నోరు తగ్గలేదు. ‘ఈ సీలు ఇంత పల్చన చేసినవాణ్ణి దాంతోనే నీళ్లు తోడుకోమనండి’ అని మొన్ననే రాశాడు. డ్రాయింగుల గది అంతా పగలబడి నవ్వి, ఆ తర్వాత నోరుమూసుకుని, నీళ్లు కారకుండా ఆపే ఆ సీలు మందం పెంచింది. ఆయన అన్నది నిజమే మరి.

ఆ ‘సరే’కి ఇంకో విలువ కూడా ఉంది. వేరే ఊళ్లో ఉండే చిన్నబావ సగం వాటాదారు. ఫ్యాక్టరీ అమ్మేసి స్థలం సొమ్ము చేసుకుందామని ఎప్పట్నుంచో కాచుక్కూర్చున్నాడు. ‘నేను డ్రాయింగు చూసి సరే అనగలిగినన్నాళ్లూ అమ్మకం ఊసెత్తకూడదు’ అని మామయ్య వాటాల ఒప్పందంలోనే రాయించాడు. ఆ ముక్క అడ్డు లేకపోతే ఈపాటికి ఫ్యాక్టరీలో ఉన్నవాళ్లంతా రోడ్డున పడేవాళ్లు.

మేనల్లుడికి ఆ రోజంతా మనసు మనసులో లేదు. పాస్‌వర్డ్ అయితే అక్క చేతిలోనే ఉంటుంది. పంపులకి ఇనుము కరిగించి అచ్చుల్లో పోసిన పోతలు పంపేదేమో అక్క పుట్టింటివాళ్లు. నాసిరకం పోతకి మామయ్య పేరుతో ‘సరే’ కొట్టేస్తే అడిగే దిక్కెవరు? తనకి పెన్సిల్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిన మనిషి. మంచానపడ్డాడని ఆయన కళ్లుగప్పుతారా? ఎన్నడూ లేనిది, చిన్నబావకి ఫోన్ చేశాడు.

“బావా, నీకూ నాకూ పడదు, నిజమే. కానీ ఈ ఒక్కదానికి నువ్వు గట్టిగా నిలబడాలి.”

చిన్నబావ ఓపిగ్గా అంతా విన్నాడు.

“వేలిముద్రదే కొనండి. ఎక్కువయ్యే ఖర్చు నా వాటాలో రాసుకోండి” అన్నాడు. “మొదటి ముద్ర పడగానే నాకు చెప్పు. పడకపోయినా చెప్పు.”

సగం వాటాదారు మాట కాదనలేక అక్క సాఫ్ట్‌వేర్ కొనుగోలు కాగితాల మీద సంతకం పెట్టింది. పెట్టి, కలం మూత బిగిస్తూ అడిగింది.

“నా మీద నమ్మకం లేదా తమ్ముడూ?”

“మామయ్య మీద ఉందక్కా.”

అక్క కాగితాలు అతని వైపు జరిపింది.

సాఫ్ట్‌వేర్ వచ్చింది. డ్రాయింగులన్నీ అందులోకి ఎక్కాయి. కొత్త పంపు మార్పు ఒకటి మామయ్య ముద్ర కోసం తెర మీద ఎదురుచూస్తోంది. అది పడితే పోత మొదలవుతుంది. అరచేతిలో పట్టే ముద్ర మెషిన్ పట్టుకుని మేనల్లుడు గబగబా మెట్లెక్కాడు. చాన్నాళ్లకి మామయ్యని చూడబోతున్నాడు. సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది.

పైన గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

“ఇటివ్వు, నేను వేయించి తెస్తాను.”

“వద్దక్కా. మధ్యలో ఎవరూ ఉండకూడదనే కదా ఇది కొన్నది.”

అక్క అతనివంక చూసింది. ఎన్నాళ్లుగానో నిద్రలేని కళ్లు. తర్వాత తనే గడియ తీసి లోపలికి నడిచింది.

కళ్లు తెరిచే ఉన్నా ఎవరినీ గుర్తుపట్టని మామయ్య చేతిని దుప్పట్లోంచి తీసి, వాలిపోతున్న వేలిని నిలబెట్టి అతని ముందుకు చాపుతూ, “వేసవి నుంచీ మీరు తిన్న తిట్లన్నీ నేను రాసినవే తమ్ముడూ” అంది అక్క.