నెమ్మదైన చెయ్యి

“పెద్ద డాక్టరుగారు వద్దు. తన్మయి డాక్టరమ్మే చెయ్యాలి.”

రత్నరాజు ఆ మాట అనడం మూడోసారి. పక్కనున్న భార్య జ్ఞానకుమారి తల పట్టుకుంది.

ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. పోస్టులో ఇంటికొచ్చిన కిట్‌తో చేసుకున్న మలపరీక్షలో రక్తం జాడ కనిపించింది. తండ్రి పేగు క్యాన్సర్‌తోనే పోయాడు. ఇప్పుడు కొలొనోస్కోపీ చేసి, అంటే స్కోపు అనే సన్నటి కెమెరా గొట్టం పంపి, లోపల ఏముందో చూడాలి. అలాంటి రోజున, మెల్‌బోర్న్‌లో అంత పేరున్న డాక్టర్ ద్వారకానాథ్‌ని కాదని, ఇంకా ట్రైనింగ్‌లో ఉన్న అమ్మాయి కావాలంటున్నాడు.

“మన చర్చిలో అందరూ పెద్దాయన పేరే చెప్పారండీ,” అంది జ్ఞానకుమారి.

“చర్చిలోవాళ్లకేం తెలుసు?”

తన్మయి ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఆమె సాయం కోసం పెద్ద డాక్టరు వైపు చూసింది. ద్వారకానాథ్ మాత్రం నవ్వేశాడు.

“కానివ్వమ్మా, నేను పక్కనే ఉంటాను. ఈ ఏడాది నేను వాడినవి రెండు స్కోపులు రిపేరుకెళ్లాయి. నువ్వు వాడింది ఒక్కటీ వెళ్లలేదు. నీ స్పీడుకి అవి నిద్రపోతుంటాయి.”

మత్తుమందు కోసం సూది పెడుతూ తన్మయి రత్నరాజు చేతులు చూసింది. చర్మం తెల్లగా ఎండిపోయి, వేళ్ల సందుల్లో పగిలింది.

“ఏం పని చేస్తారు అంకుల్?”

“కడిగే పనమ్మా. పదకొండేళ్లయింది.”

ఏదో హోటల్ కిచెన్ అనుకుంది. ఆయన కళ్లు మూతపడ్డాయి.

స్కోపు లోపలికి వెళ్లింది. పేగు చివరిదాకా వెళ్లి తిరిగొస్తుండగా ద్వారకానాథ్ గడియారం చూసుకున్నాడు.

“అక్కడ క్లియర్. వచ్చెయ్.”

తన్మయి రాలేదు. స్కోపును మళ్లీ ముందుకు పోనిచ్చి, ఒక మడతను మెల్లగా పక్కకు ఒత్తింది. దాని వెనుక, చదునుగా, లేత రంగులో ఒక పాలిప్, వదిలేస్తే క్యాన్సర్ కాగల చిన్న కండ, ఉంది.

ఆమె దాన్ని మొత్తంగా కోసి తీసేసింది. ద్వారకానాథ్ నర్సులందరికీ వినపడేలా, తానైతే దాన్ని దాటి వచ్చేసేవాణ్నని ఒప్పుకున్నాడు.

నర్సులున్నా, ఎప్పటిలాగే స్కోపును తన్మయే తుడిచి, దాని గొట్టంలోంచి నీళ్లు పోనిచ్చి కిందికి పంపింది.

రత్నరాజు మత్తు దిగి టీ తాగుతుంటే వచ్చి కబురు చెప్పింది. పాలిప్ మొత్తం వచ్చేసింది, చూడటానికి ప్రమాదంగా లేదు, ల్యాబ్ రిపోర్టు వారంలో వస్తుంది. జ్ఞానకుమారి కళ్లు తుడుచుకుంటూ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. రత్నరాజు భార్య వైపు గర్వంగా చూశాడు, తానే ఆ అమ్మాయికి పని నేర్పినట్టు.

“అంకుల్, నన్నే ఎందుకు అడిగారు? మనం ఎప్పుడూ కలవలేదు కదా.”

“కలవం డాక్టరమ్మా. నేను పనిచేసేది ఈ బిల్డింగ్ బేస్‌మెంట్‌లో.”

టీ కప్పు కింద పెట్టాడు.

“మీ అందరి స్కోపులూ కడిగేది నేనే.”