తాబేలు దగ్గరికి ఇద్దరే

"ఒక తాబేలు దగ్గరికి ఇద్దరే దిగాలి. ఎక్కిన వరసలోనే దిగాలి. మూడో మనిషి కాలు తడిసిందా, పడవ వెనక్కి తిప్పేస్తా!"

పడవ నడిపే సరంగు ఆరు రోజులుగా చెబుతున్న మాటే ఇది. విని విని, రోజూ కూతురితో పడవెక్కే లిఫ్టు మెకానిక్కు చెవులు చిల్లులు పడ్డాయి. అసలు తాబేలు కనిపిస్తే కదా!

అతని కూతురు ఏడాదిలో ఒక్క వారమే అతని దగ్గరుంటుంది. మిగతా ఏడాదంతా వాళ్ళమ్మ దగ్గర.

పోయినేడు వెళ్తూ వెళ్తూ అడిగింది, "నాన్నా, ఈసారి సముద్రంలో తాబేలుని చూపిస్తావా?" అని. ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాది నెట్టుకొచ్చాడు.

ఈ సాయంత్రమే పిల్ల ప్రయాణం. రేపట్నుంచి వానాకాలం, పడవలు నడవవు. ఇదే ఆఖరి ట్రిప్పు.

పడవలో వాళ్ళు కాక ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన రోజూ వస్తాడు. అందరికన్నా ముందెక్కి, కళ్ళకి మాస్కు తగిలించుకుని, నోట్లో పెట్టుకునే గొట్టం చేత్తో పట్టుకుని నీళ్ళ వంకే చూస్తుంటాడు. పలకరిస్తే నవ్వుతాడు, అంతే.

"ఈ వయసులో ఈయనకి ఈ సరదా ఏమిటో!" అని గొణుక్కున్నాడు మెకానిక్కు.

"అదుగో!" సరంగు ఇంజను ఆపేశాడు.

నీళ్ళడుగున గోధుమరంగు వీపొకటి. నింపాదిగా గడ్డి మేస్తోంది.

"పెద్దాయనా, మీరూ పాపా దిగండి."

పెద్దాయన అప్పటికే నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు.

"నాన్న రాకపోతే నేను దిగను" అంది పిల్ల, తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుని.

మెకానిక్కు తాబేలు వంక చూశాడు. అది ఎంతసేపుంటుందో ఏమో!

"పెద్దాయనా, మీరు రోజూ వచ్చేవాళ్ళే కదా! ఈ ఒక్కసారికి నన్ను దిగనివ్వండి. సాయంత్రం నా కూతురు వెళ్ళిపోతుంది. మళ్ళీ ఏడాదికి గానీ రాదు."

పెద్దాయన నీళ్ళలోకి చూశాడు. పిల్ల వంక చూశాడు.

"ఏడాదంటే మాటలా బాబూ!" అంటూ కాలు వెనక్కి తీసుకున్నాడు.

తండ్రీ కూతుళ్ళు చేయీ చేయీ పట్టుకుని నీళ్ళమీద తేలారు.

తాబేలు తలెత్తి చూసింది. మెల్లగా పైకొచ్చి, వాళ్ళ పక్కనే ముక్కు మాత్రం బయటపెట్టి గుక్కెడు గాలి పీల్చుకుని, మళ్ళీ లోతుల్లోకి వెళ్ళిపోయింది. గొట్టంలోంచే పిల్ల కేరింతలు. మెకానిక్కుకి ఏడుపొచ్చింది. ఇంకొక్క వారం ఉంటే ఎంత బాగుండు అనిపించింది.

పైకొచ్చిన పిల్లకి పెద్దాయనే చెయ్యి అందించాడు.

"తల్లీ, దాని వీపు మీద తెల్లమచ్చ ఏమైనా ఉందా?"

"ఉంది తాతా! చొక్కా గుండీ అంత!"

ఆయన ఉన్నచోటే కూలబడ్డాడు.

"బాగా తింటోందా?"

"బోలెడు గడ్డి తింటోంది!"

"ఒళ్ళు చేసిందా?"

"నాకన్నా లావుంది తాతా!"

ఆయన నవ్వాడు. మళ్ళీ అవే ప్రశ్నలు మొదటినుంచీ అడిగాడు.

"పిల్లని తల తుడుచుకోనివ్వండి సార్, అవతల బండికి టైమవుతోంది" అని విసుక్కున్నాడు మెకానిక్కు.

ఒడ్డు చేరగానే పెద్దాయన ఎటు వెళ్ళాడో తెలీదు. థాంక్స్ అయినా చెప్పలేదే అని మెకానిక్కుకి అప్పుడు గుర్తొచ్చింది.

"ఆయనకి తాబేళ్ళ పిచ్చి కాబోలు" అన్నాడు మెకానిక్కు, మాస్కులు సరంగుకి తిరిగిస్తూ.

"ఈ ఒడ్డున తాబేళ్ళు పెట్టే గుడ్లకి కాపలా ఉండేవాడు సార్. బయటికొచ్చిన పిల్లలకి పొట్ట కింది తెల్ల పెంకు చిటికెడు తీసి వీపున మచ్చలా అతికించి, తన చేతుల్తోనే నీళ్ళలో వదిలేవాడు. ఆ మచ్చ వాటితోపాటే పెరుగుతుంది. ఎంత దూరం పోయినా, పెద్దయ్యాక పుట్టిన ఒడ్డుకే వస్తాయట."

"వచ్చాయా మరి?"

సరంగు మాస్కులు కడగడం ఆపాడు.

"పాతికేళ్ళుగా కనిపించిన ప్రతి తాబేలు వీపూ వెతుకుతున్నాడు సార్. ఇవాళ మీ పాప చూసిందే, అదే మొదటిది."